దొంగిలించిన కొమ్మే బతుకుతుందట!

శ్రావణంలో ఒక శుక్రవారం. కాఫీ ఇంకా పొయ్యి మీదే ఉంది, ఫోన్ టింగుమంది. మా కాలనీ వాట్సాప్ గ్రూపులో ఎవరో సీసీ కెమెరా వీడియో పెట్టారు. కింద టైము 4:52 అని పడింది. తల మీద కొంగు కప్పుకున్న ఒకామె గోడ పక్కన ఆగి, అటూ ఇటూ చూసి, వీధిలోకి వాలిన ముద్దమందారం కొమ్మను పట్టుకుని వంచింది. విరగలేదు. మెలితిప్పింది. అయినా రాలేదు. చివరికి బెరడుతో సహా ఒక్క లాగు లాగి, కొంగులో చుట్టుకుని గబగబా వెళ్లిపోయింది. అంతా కలిపి ఇరవై సెకన్లు కూడా లేదు.

ఇక గ్రూపు చూడాలి. ఫోటో ప్రింటు తీయించి గుడి దగ్గర అంటించాలని ఒకరు. పూలు కోసుకుంటే పోనీలే అనుకోవచ్చు గానీ కొమ్మలు విరిచేదేందని ఇంకొకరు. గోడ మీద గాజుపెంకులు పెట్టించమని రిటైరైన సారొకాయన సలహా. ఇంతలో ఎవరో "ఎంతైనా దొంగిలించిన కొమ్మే కదండీ బతికేది" అని పెట్టారు. అప్పటిదాకా కోపంగా ఉన్నవాళ్లంతా నవ్వేశారు. చెట్టు ఎవరిదో ఆమె కూడా నవ్వే బొమ్మ పెట్టింది. ఆ రోజు గ్రూపులో అందరూ ఒప్పుకున్న మాట అదొక్కటే.

ఈ మాట నేను చిన్నప్పటి నుంచి వింటున్నాను. మనీ ప్లాంటయితే అడిగి తెచ్చుకుంటే కలిసిరాదని, పక్కింట్లో చెప్పకుండా తుంచుకోవాలని మా ఆఫీసులో పీజీలు చదివినవాళ్లు కూడా అంటారు. నేనూ సగం నమ్మాను, నమ్మి కొన్ని కొమ్మలు లేపేశాను కూడా. ఆ కథ తర్వాత చెబుతాను. కానీ ఇంటి ముందు, మిద్దె మీద కలిపి పదిహేనేళ్లుగా కొమ్మలు నాటుతూ, బతికించినవాటి కన్నా ఎక్కువే చంపి, ఇప్పుడు పూర్తిగా అవతలి పక్షానికి వచ్చేశాను. అడిగి తెచ్చుకున్న కొమ్మే బతుకుతుంది. ఇది మర్యాద గురించి చెప్పే మాటేమీ కాదు, మొక్క సంగతే చెబుతున్నాను.

ముందు దొంగల వైపు మాట్లాడతాను

ఇన్నేళ్లు నిలబడ్డ మాటలో ఎంతో కొంత పస ఉండకపోదు. ఆలోచిస్తే, దొంగ తనకు తెలియకుండానే కొన్ని పనులు సరిగ్గా చేస్తాడు. మొదటిది, వేళ. రాత్రంతా వేరు తాగిన నీళ్లు తెల్లవారుజామున కొమ్మ నిండా ఉంటాయి, ఎండ ఇంకా తగల్లేదు కాబట్టి ఆకుల్లోంచి పోయిందీ తక్కువే. కొమ్మ కోయడానికి అంతకు మించిన సమయం లేదు. సాయంత్రం నాలుగింటికి మర్యాదగా గంట కొట్టి అడిగి తెచ్చుకున్నది మా ఊరి ఎండకు అప్పటికే సగం వాడిపోయి ఉంటుంది. రెండోది, భయం. దొంగ సొత్తు ఎవరి కంటా పడకూడదు గనుక ఇంటికి రాగానే నాటేస్తాం, అదీ వీధి వైపు కాకుండా పెరట్లో ఏ నీడనో. అడిగి తెచ్చుకున్నదైతే, ఆదివారం తీరిగ్గా నాటుదాంలే అని బకెట్లో పడేస్తాం. ఆదివారానికి అత్తగారి తరఫు వాళ్లెవరో వస్తారు.

మనీ ప్లాంటును సాక్ష్యంగా తీసుకోను. దాని ప్రతి కణుపు దగ్గరా వేరు మొలక ముందే పొడుచుకొచ్చి ఉంటుంది, అడిగినా అడక్కపోయినా, నీళ్లసీసాలో పెట్టినా, గోలెంలో గుచ్చినా దాన్ని చంపడమే కష్టం. కొన్ని చెట్ల తీరే అంత. మా ఉమ్మడి అనంతపురం జిల్లావాళ్లం అందరికీ చూపించుకునే చెట్టు, కదిరి దగ్గరున్న తిమ్మమ్మ మర్రిమాను, 1989లో గిన్నిస్ పుస్తకంలోకి ఎక్కింది, 19,107 చదరపు మీటర్లు, అంటే దాదాపు ఐదెకరాలు పరుచుకుని ఉంటుంది. దాని కథేంటి? భర్త చితిలో తిమ్మమ్మ దూకిన చోట పాతిన గుంజల్లో ఒకటి చిగురించి మానైందని. ఆమె గురించి తలుచుకుంటే నాకు ఒళ్లు జలదరిస్తుంది, అది వేరే సంగతి. గుంజ చిగురించడం మాత్రం నాకు వింతగా అనిపించదు, మర్రికొమ్మ బాగా లావుది తీసుకుని పాతితే వేరు పడుతుంది. మహత్యం అనుకునేవాళ్లతో నాకు తగాదా లేదు.

అసలు చిక్కు వేరే చోట ఉంది. అడిగి తెచ్చుకున్న కొమ్మ చచ్చిపోతే ఆ సంగతి దాచలేం. ఇచ్చినామె కనబడినప్పుడల్లా "బతికిందా?" అని అడుగుతుంది. మా వెనక వీధిలో ఒక పెద్దావిడ నాకు సన్నజాజి ఇచ్చి, మూడు నెలల పాటు కూరగాయల బండి దగ్గర, గుళ్లో, ఆఖరికి ఒక చావింట్లో కూడా అడిగింది. ఆమె కనబడితే టెన్షన్, పక్క సందులోంచి తిరిగి వెళ్లేదాన్ని. అదే దొంగిలించిన కొమ్మ చచ్చిందనుకోండి, ఎవరికి చెప్పుకుంటాం? పీకి పారేసి ఊరుకుంటాం. బతికితే మాత్రం పదిమందికీ చూపించి, ఇది ఫలానా చోట కొట్టుకొచ్చాను తెలుసా అని గొప్పలు పోతాం. అంటే, అడిగినవాటిలో చచ్చినవన్నీ లెక్కలోకి వస్తాయి, దొంగిలించినవాటిలో బతికినవి మాత్రమే వస్తాయి. ఇట్లాంటి లెక్క వేస్తే ఏ దొంగతనమైనా లాభంగానే కనబడుతుంది.

గులాబీ అనుకుని తెచ్చింది

ఇప్పుడు నా దొంగతనం. చాలా ఏళ్ల కిందట, పని మీద వెళ్లిన ఒక ఆఫీసు ఆవరణలో గులాబీ మొక్కలుండేవి. మంచి చిక్కటి ఎరుపు. మధ్యాహ్నం భోజనాల వేళ ఎవరూ లేనప్పుడు, చెట్టు మొదట్లోంచి నిటారుగా లేచిన ఒక కొమ్మను చూశాను. పచ్చగా, బలంగా, ముల్లు కూడా పెద్దగా లేదు. చెట్టు మొత్తంలో అదే ఆరోగ్యంగా ఉంది. విరిచి హ్యాండ్‌బ్యాగులో పెట్టుకున్నాను.

అది ఎంత బాగా నాటుకుందంటే, ఇరవై రోజులకు చిగురు వేసింది. చూశారా, దొంగిలిస్తే ఎట్లా బతుకుతుందో అని ఇంట్లో అందరికీ చెప్పాను. ఏడాది గడిచింది, ఆరడుగులు పెరిగింది, పువ్వు లేదు. చిన్న చెట్టు కదా అనుకున్నాను. తర్వాతి చలికాలం చివర్లో ఒక పొద్దున చూస్తే చెట్టంతా పూలు. ఎరుపు కాదు. రూపాయి బిళ్లంత తెల్ల పూలు, గుత్తులు గుత్తులుగా, ఐదేసి రేకులతో.

గులాబీలు పెంచేవాళ్లకు ఇప్పటికే నవ్వొచ్చి ఉంటుంది. నర్సరీ గులాబీ నిజానికి రెండు మొక్కలు. కింద వేరు గట్టి అడవి గులాబీది, పైన మనకు కావలసిన రకం కన్ను తెచ్చి అంటు కడతారు. అంటు కింది నుంచి అప్పుడప్పుడూ అడవి కొమ్మ లేస్తుంది. అది పై రకం కన్నా వేగంగా, బలంగా పెరుగుతుంది, పట్టించుకోకపోతే అసలు చెట్టునే మింగేస్తుంది. నేను తెచ్చుకున్నది అదీ. చాలా రోజులకు ఆ ఆఫీసుకు మళ్లీ పోయినప్పుడు అక్కడి తోటమాలికి నిజం చెప్పేశాను. ఆయన కోప్పడతాడనుకున్నాను. "ఆ కొమ్మ నేనే కోసేయాల అనుకుంటి మేడం, తెల్లారి చూస్తే లేదు, మీరు నాకు పని తగ్గించినారు" అని పగలబడి నవ్వాడు. ఆ రోజు ఒక్క నిమిషం ఆయన్ను వెతికి అడిగి ఉంటే, ఆ కొమ్మ వద్దని ఈ కొమ్మ తీసి ఇచ్చేవాడు. ఏడాదిన్నర కాలం, ఒక పెద్ద కుండీ, లెక్కలేనన్ని బిందెల నీళ్లు మిగిలేవి. మాకు కుళాయి నీళ్లు రోజూ రావు, బిందెలు లెక్కపెట్టుకునే బతుకు.

నా వాదనంతా ఇక్కడి నుంచే మొదలైంది. దొంగిలించిన కొమ్మ నోరు లేకుండా వస్తుంది. ఏ చెట్టు, ఎన్నేళ్లది, ఎప్పుడు నాటాలి, ఏ వైపు పెట్టాలి, ఏదీ దాని వెంట రాదు.

జేజి ప్రశ్నలు

కదిరి పక్క పల్లెలో మా జేజి (నాయనమ్మ) ఇంటి ముందు కనకాంబరాల మడి ఉండేది, ఢిల్లీ కనకాంబరం. దానికి విత్తనం కట్టదు, ఎవరికి కావాలన్నా ఎవరో ఒకరి దగ్గర రెమ్మ తెచ్చుకోవాల్సిందే, ఇప్పుడు మన పూలకొట్లలో మూరలు కొలిచి అమ్మే ఆ పూలన్నీ అట్లా చేతులు మారుతూ వచ్చినవే. ఊళ్లో ఆడవాళ్లు రెమ్మల కోసం జేజి దగ్గరికే వచ్చేవాళ్లు. దీపాలు పెట్టినాక ఇచ్చేది కాదు, శుక్రవారం ఇచ్చేది కాదు. మిగతా రోజుల్లో కాదనేది కాదు గానీ, ముందు కోర్టులో మాదిరి విచారణ జరిగేది. "యాడ పెడ్తావు? పడమటి గాలి కొడ్తాదా? నీళ్లు బాయివా, బోరువా? మేకలు తిరుగుతాయా?" అన్నీ అయ్యాక, ఒక్కోసారి "ఇప్పుడొద్దు, చవితి అయినాక రా" అని తిప్పి పంపేది. చిన్నప్పుడు నాకు అది పిసినారితనంగా కనబడేది.

చవితి అయినాక అనడంలో ఎంత లెక్క ఉందో నాకు ముప్పై దాటాక అర్థమైంది. వానాకాలం మొదట్లో, జూన్ జులైల్లో కొమ్మలు నాటమని పుస్తకాలు రాస్తాయి, వీడియోలు చెబుతాయి. కోస్తాలో అది సరే. అనంతపురంలో ఏడాది మొత్తానికి పడేదే సుమారు 550 మిల్లీమీటర్లు, అందులో పెద్ద వాటా సెప్టెంబరు, అక్టోబరులది. జూన్ జులైల్లో మాకు వచ్చేది గాలి. పడమటి కనుమలు మబ్బుల్లో నీళ్లన్నీ అటువైపే పిండేసుకుని, ఒట్టి గాలిని మా మీదికి తోలుతాయి. రామగిరి కొండల మీద గాలిమరలు నిలబెట్టింది ఆ గాలిని చూసే. ఆషాఢంలో మా మిద్దె మీద ఆరేసిన దుప్పటి అరగంటలో ఆరిపోతుంది. అదే గాలి వేరు లేని కొమ్మను ఏం చేస్తుందో చెప్పక్కర్లేదు.

కొమ్మ తెగిన క్షణం నుంచి ఒక పందెం నడుస్తుంది. ఆకులు నీటిని ఆవిరి చేస్తూనే ఉంటాయి, తాగడానికి కింద వేరు లేదు. ఉన్న నీళ్లు అయిపోయేలోపు వేరు పుట్టాలి. చిగుళ్లలో తయారయ్యే ఆక్సిన్ అనే హార్మోను కాండం వెంట కిందికి దిగుతుంది, తెగిన చోట ఇక దారి లేక అక్కడే పోగుపడుతుంది, దాని ప్రభావంతో కణుపు దగ్గర, కోత అంచున కొత్త వేర్లు మొదలవుతాయి. ఐబీఏ అనే మందు ఆ పనే చేస్తుందని 1930ల్లోనే కనిపెట్టారు, ఇప్పుడు విత్తనాల షాపుల్లో చిన్న డబ్బాల్లో అమ్మే వేరు పొడి అదే. బంగాళాదుంపలో గులాబీ కొమ్మ గుచ్చి నాటే వీడియోలు మీరూ చూసే ఉంటారు. నేనూ గుచ్చాను. దుంప కుళ్లింది, దాంతో పాటే కొమ్మా కుళ్లింది.

ఈ పందెం సంగతి తెలిశాక వీడియోలో కొమ్మ విరిచిన తీరు మళ్లీ చూశాను. పూత మీదున్న కొమ్మ అది, దానిలో ఉన్న సత్తువంతా పువ్వుకే పోతుంది, వేరుకు మిగలదు. చీకట్లో దొంగకు కనబడేదీ నచ్చేదీ పూలున్న కొమ్మే. తర్వాత ఆ మెలితిప్పడం. కణుపు కింద పదునుగా ఏటవాలుగా కోయాల్సిన చోట, బెరడు నారలు నారలుగా చీలింది. చీలిన బెరడు వేరు పట్టేలోపు కుళ్లు పడుతుంది. వెనక మిగిలిన చెట్టుకూ అంతే, చీలిన చోటి నుంచి కిందికి ఎండుతూ పోతుంది.

జేజి ఇచ్చే కొమ్మ పెన్సిలంత లావు, పూత లేనిది, మరీ లేతా కాదు, మరీ ముదురూ కాదు. కింది ఆకులు తుంచేసి, పైన మిగిలిన వాటిని సగానికి కత్తిరించి, కొన మీద పేడముద్ద పెట్టి చేతికిచ్చేది. కొన ఆరిపోకుండా పేడ. ఆరో శతాబ్దంలో వరాహమిహిరుడు రాసిన బృహత్సంహితలో కొమ్మ నాటితే వచ్చే చెట్ల పేర్లు చెప్పి, వాటికి పేడ పూసి నాటమన్నాడు. ఆ వరసలో దానిమ్మ, ద్రాక్ష కూడా ఉన్నాయి, రెండూ మా జిల్లా తోటల్లో పండేవే. జేజికి ఆ పుస్తకం ఉందనే తెలియదు, ఆమె అత్త చెప్పి ఉంటుంది.

నర్సరీల మాట కూడా అనుకోవాలి. మా ఊళ్లోకి మొక్కలు కడియం వైపు నుంచి లారీల్లో వస్తాయి. గోదావరి గట్టున కొబ్బరిపొట్టులో పెరిగిన మొక్క, నిగనిగలాడుతూ దిగుతుంది. మా బోరు నీళ్ల ఉప్పు తగిలి నెలలో ఆకు అంచులు మాడతాయి, రెండో నెలకు కుండీ ఖాళీ. నర్సరీవాళ్ల తప్పు లేదు, వాళ్లూ బతకాలి. కానీ మా వీధిలోనే పదేళ్లుగా ఇదే ఉప్పునీళ్లు తాగి, ఇదే ఎర్రగరప నేలలో, ఏప్రిల్ మే ఎండలు దాటిన నందివర్ధనం ఉంటే, దాని కొమ్మ అచ్చం అదే మొక్క. కొమ్మకు ఎండ అలవాటైపోయిందని కాదు, తట్టుకునే రకమని ఇప్పటికే తేలిపోయిందని. ఆ చెట్టు ఎవరిదో ఆమెను అడిగితే, ఎండాకాలంలో మొదట్లో శనక్కాయ పొట్టు పరుస్తానని, కుండీలో వంక ఇసుక సగం కలిపానని కూడా చెబుతుంది. నాకు చెప్పింది. ఆ ఏడాది నాటిన ఆరింటిలో ఐదు బతికాయి, నా చరిత్రలో అంతకు ముందు అట్లాంటిది జరగలేదు.

అడిగి తెచ్చుకున్న పిండినల్లి

ఇంత చెప్పాక, అడిగి తెచ్చుకున్నవన్నీ మంచివేనని అంటే అబద్ధమవుతుంది. మా చుట్టాలామె ఒకామె ప్రేమగా ఇచ్చిన మందారం కొమ్మతో పాటు పిండినల్లి కూడా మా ఇంటికి వచ్చింది. ఆకు కింద తెల్లగా దూది అంటినట్టు చిన్న మచ్చ, దుమ్ము అనుకున్నాను. రెండు నెలల్లో నా మందారాలన్నీ ముడుచుకుపోయాయి, సబ్బునీళ్లు కొట్టీ కొట్టీ చేతులు నొప్పి పుట్టాయి. కోపం వస్తే ఎవరి మీద చూపించాలి? ప్రేమగా ఇచ్చింది కదా.

ఇది కుండీల స్థాయిలో. తోటల స్థాయిలో అయితే మా జిల్లాలో ఎవరినైనా దానిమ్మ గురించి అడగండి. దానిమ్మకు గాలి అంటు కడతారు, కొమ్మ చెట్టు మీదుండగానే బెరడు చుట్టూ తీసి, తడి నాచు కట్టి, వేరొచ్చాక కోస్తారు. (దీన్ని ఉద్యానవనాలవాళ్లు గూటీ అంటారు, మా గుత్తి కోటకూ దీనికీ ఏ సంబంధమూ లేదు, ఒకప్పుడు ఉందనుకునేదాన్ని.) తల్లిచెట్టులో బ్యాక్టీరియా మచ్చ తెగులు ఉంటే అంటులోనూ ఉంటుంది, కొన్నాళ్లు పైకి కనబడదు. 2000ల్లో ఆ తెగులు మహారాష్ట్ర నుంచి మా దాకా తోటలకు తోటలను నాకేసింది, చెట్లు పీకేసుకున్న రైతులున్నారు. అంట్లు ఒకరి నుంచి ఒకరికి వెళ్లిన దారిలోనే తెగులూ వెళ్లింది.

పైగా కొమ్మ నుంచి వచ్చినవన్నీ ఒకటే చెట్టు. హిందూపురం, మడకశిర వైపు పట్టుపురుగుల రైతులు వేసేది ఎక్కువగా వి-1 మల్బరీ, 1997లో మైసూరు పరిశోధన సంస్థ ఇచ్చిన రకం. ఆరు నుంచి ఎనిమిది నెలల కొమ్మ, మూడు నాలుగు కన్నులుండేట్టు కోసి నాటడమే. మా చిన్నాయన పొలంలోది, పక్క మండలంలోది, ఆ పక్క జిల్లాలోది కూడా, విడివిడిగా కనబడుతున్న ఒకే మొక్క. ఒకదానికి పడని పురుగు దేనికీ పడదు, ఒకదానికి పడితే అన్నిటికీ పడుతుంది. ఇచ్చిపుచ్చుకోవడం మంచిదని నేను గట్టిగా అన్నప్పుడల్లా ఈ సంగతి గుర్తొచ్చి కొంచెం గొంతు తగ్గుతుంది.

అయినా ఇది అడగడానికి వ్యతిరేకంగా పనికొచ్చే వాదన కాదనే అనుకుంటున్నాను. అడిగినప్పుడు పగటి వెలుతురులో తల్లిచెట్టు ముందు నిలబడతాం. ఆకు తిప్పి చూడొచ్చు. నేను ఆ రోజు మొహమాటానికి చూడలేదు, ఇప్పుడు చూస్తాను, ఇచ్చేవాళ్లు ఏమనుకున్నా సరే. తెల్లవారుజామున 4:52కు ఎవరు ఆకు తిప్పి చూస్తారు?

అడగడం ఎవరికి తేలిక

ఇక్కడితో ఆపేస్తే నాకు బాగుండేది. కానీ ఆ వీడియోలో నడకను నేను గుర్తుపట్టాను. ముఖం కనబడలేదు, కుడికాలు కొంచెం ఈడుస్తూ నడిచే ఆ నడక మాత్రం నాకు తెలుసు. మా వీధిలోనే రెండు మూడిళ్లలో పాచిపని చేస్తుంది. గ్రూపులో చెప్పలేదు. చెప్పకపోవడం మంచితనమో పిరికితనమో తేల్చుకోలేదు.

వారం తర్వాత కిరాణా కొట్టు దగ్గర కనబడితే, మెల్లగా అడిగాను, కొమ్మ కావాలంటే నన్ను అడిగితే ఇచ్చేదాన్ని కదా అని. ఆమె సిగ్గుపడుతుందనుకున్నాను. నన్ను ఎగాదిగా చూసింది.

"మీ ఇంట్లో ముద్దమందారం యాడుంది మేడం?"

నిజమే, మా ఇంట్లో ఉన్నది రెక్కమందారం. మరి ఆ ఇంటివాళ్లనే అడగొచ్చు కదా అన్నాను.

"పోయినేడు అడిగినా. రేపు రా అన్న్యారు. మూడు తూర్లు రేపు అన్న్యారు. నాలుగో తూరి కుక్కను ఇడిసిపెట్టినారు. కుక్కను ఇడిసింది నా మీదికే అని అన్ల్యా, కానీ నేను గేటు కాడ ఉండంగానే ఇడిసినారు."

నేనేమీ అనలేకపోయాను. నాకు గేటు దగ్గర గంట కొడితే లోపలికి రమ్మంటారు, కాఫీ ఇస్తారు, కొమ్మతో పాటు జేజి ప్రశ్నల్లాంటి ప్రశ్నలూ అడుగుతారు. అడిగి తెచ్చుకుంటే మాటలు కూడా వస్తాయని నేను పేజీలు పేజీలు రాశానే, అది గేటు తెరుచుకునేవాళ్లకు. ఆఫీసులో దొరికిపోయినా నన్ను చూసి తోటమాలి నవ్వాడు. ఆమె దొరికితే గుడి దగ్గర ఫోటో.

కొమ్మ బతికిందా అని అడిగాను. లేదంది. ఆకులు రాలిపోయి, నల్లబడిపోయిందట. ఈ కొమ్మ ఎందుకు పోయిందో, పూతలేని కొమ్మ ఎట్లా కోయాలో అక్కడే రోడ్డు మీద మొదలుపెట్టాను. బియ్యం సంచి భుజం మార్చుకుంటూ వింది, పాపం.

కాబట్టి నా అభిప్రాయాన్ని కొంచెం సవరించుకోవాల్సి వచ్చింది. అడిగి తెచ్చుకున్న కొమ్మే బతుకుతుంది, కానీ ఆ బాధ్యత అడిగేవాళ్ల మీద కన్నా, గేటు లోపల ఉన్నవాళ్ల మీదే ఎక్కువ ఉంది. మందారం చెట్టును ఏడాదికోసారి ఎట్లాగూ కత్తిరిస్తాం. ఆ కొమ్మలన్నీ మున్సిపాలిటీ బండిలోకి పోతాయి. వినాయక చవితి రోజు తెల్లారేసరికి పత్రి పేరుతో వీధిలో ప్రతి దానిమ్మనూ, గన్నేరునూ, జాజినీ అందరూ కలిసి దోచుకుంటాం, దాన్ని ఎవరూ సీసీ కెమెరాలో చూడరు. ఆ మూడూ కొమ్మ పెడితే నాటుకునేవే. పూజ అయ్యాక విగ్రహంతో పాటు నీళ్లలో కలిపేస్తాం.

చవితి అయ్యాక మా ఇంటి ముందు ఒక బకెట్ పెట్టాను. నందివర్ధనం, రెక్కమందారం, కాగితంపూలు, కత్తిరించినవన్నీ నీళ్లలో. ముద్దమందారం కూడా రెండు కొమ్మలు, ఆ ఇంటావిడను నేనే అడిగి తెచ్చాను, ఎవరికోసమో చెప్పలేదు. 'కావాలంటే తీసుకోండి' అని అట్టముక్క మీద రాసి కట్టాను. రెండు రోజులు ఎవరూ ముట్టలేదు. అట్ట చూసి ఆగిన ఒకాయన, ఎంతకమ్మా అని అడిగాడు. ఊరికే అంటే అనుమానంగా చూసి వెళ్లిపోయాడు. మూడో రోజు అట్ట మీద ఇంకో నాలుగు వరసలు చేర్చాను, నీడన పెట్టండి, ఆకులు సగం కత్తిరించండి, ఇరవై రోజులు కదపకండి అని. ఆమె పనికి పోతూ రెండుసార్లు బకెట్ పక్కగానే నడిచింది. నేను కిటికీలోంచి చూస్తున్నానని ఆమెకు తెలుసు.

ఐదో రోజు పొద్దున వాకిలి ఊడుద్దామని వెళితే బకెట్లో కొమ్మలు అట్లాగే ఉన్నాయి, ముద్దమందారం రెండూ కూడా. గోడ పక్కనున్న మా రెక్కమందారానికి మాత్రం పొడుగ్గా బెరడు చీలి వేలాడుతోంది. ఎవరు చేశారో తెలియదు, ఆమేనని అనడం లేదు. నిన్న సాయంత్రం ఆ కొమ్మకు మూడు పూలున్నాయి. లోపలి నుంచి కొమ్మలు కత్తిరించే సికేచర్ తెచ్చి, చీలిన చోటును కణుపు కిందికి నున్నగా కోశాను.